మాయాబజారులోని వెన్నెల

మహబూబాబాదు జిల్లాలోని కొత్తగూడ అడవుల నడుమ నున్న మండలము. 2016లో క్రొత్త జిల్లాలు ఏర్పడుటకు పూర్వము ఇది వరంగల్లు జిల్లాలోనిది. ఇక్కడ కోయ కుటుంబములు ఎక్కువ. అక్కడి ఒక ఉన్నత పాఠశాలలో పదవ తరగతివారికి మానవుని కన్నును గూర్చిన పాఠము జరుగుచున్న దినములలో నేను ఆ ఊరికి వెళ్ళుట తటస్థించినది. పాఠమునకు తోడుగా నుండునని "మాయాబజారు" చలనచిత్రములోని కొన్ని ఘట్టములను గోడమీద వేసి చూపితిమి. అంతకు ముందు "మీకు అన్నిటికంటె ఇష్టమైన సినిమా ఏది?" అని అడిగితిని. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పిరి; అన్నియు ఈ నాలుగైదేండ్లలో వచ్చినవే. మాయాబజారు పేరు ఒక్కరును ఎత్తలేదు. అయినను ఘటోత్కచుని భోజనపు ఘట్టము వచ్చినప్పుడు గది గదియంతయు నవ్వినది.

తరువాత ఒక్కొక్క మాయను విప్పి చెప్పితిని. మనిషి మాయమగుట ఎట్లు, రాత్రి కానిది రాత్రిగా కనబడుట ఎట్లు అని. అప్పుడు వెనుక వరుసలోని ఒక బాలుడు లేచి, "సార్, అదంత ఉత్తదే అని ఎరుకైనంక గూడ మళ్ల చూడబుద్ధైతాంది. ఎందుకు సార్?" అని అడిగెను. ప్రక్కనే యున్న ఒక ఉపాధ్యాయ మిత్రుడు, "ఇట్లు విప్పి చెప్పినచో పిల్లలకు ఆ రుచి పోదా?" అని అంతకు మునుపే నాతో సందేహము వెలిబుచ్చియుండెను. బాలుని ప్రశ్నయు, మిత్రుని సందేహమును ఒకే విషయమునకు రెండు కొసలు. సైన్సు చెప్పువారందరికిని ఈ భయము ఏదో ఒకనాడు కలుగును. ఇంద్రధనుస్సును విడగొట్టి చూపినచో దాని అందము చెడునా? కావున ఈ ప్రశ్నను కొంచెము చరిత్రతో కలిపి ఆలోచింతము.

మాయ అని తెలిసియే చూచి ఆనందించుట సినిమాతో మొదలు కాలేదు. ఈ ప్రాంతమునే తీసికొనుడు. 2016 వరకు వరంగల్లు జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్ధిపేట జిల్లాలో చేరిన చేర్యాలలో నకాశీ చిత్రకారులు పొడుగాటి గుడ్డమీద కథలను బొమ్మలుగా వ్రాసెదరు. ఎఱ్ఱని నేలమీద వరుసగా గళ్ళు; ఒక్కొక్క గడిలో కథలోని ఒక్కొక్క ఘట్టము. కథకుడు ఆ పటమును చుట్ట విప్పుచు, ఒక్కొక్క గడిని చూపుచు పాడును. ఫిల్ము చుట్టను ఎరిగినవారికి ఈ పోలిక వేరుగా చెప్ప నక్కరలేదు. కోయవారిలో డోలివారు "పడిగె" అనెడి బొమ్మల గుడ్డను ఎదుట నిలిపి, డోలు వాయించుచు తమ గోత్రముల పుట్టుపూర్వములను పాడెదరు. జనగామ ప్రాంతములో చిందు యక్షగానము నేటికిని బ్రతికియున్నది; ఆ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చినది. వేషగాని కిరీటము చెక్కదని ముందు వరుసలో కూర్చున్న పిల్లవానికిని తెలియును. ఆ కథ ఎట్లు ముగియునో ఊరందరికిని తెలియును. అయినను తెల్లవారువరకు ఎవ్వరును లేవరు.

మాయను రంగస్థలము మీదికి తెచ్చిన ఘనత సురభివారిది. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున "కీచక వధ"తో ఆరంభమైన ఈ కుటుంబ నాటక సమాజము తరువాత శాఖోపశాఖలుగా విస్తరించినది. వారి నాటకములలో మిక్కిలి పేరు పొందినది మాయాబజారే. గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొను బాణములు, మేఘముల నడుమ దిగివచ్చు నారదుడు, రెప్పపాటులో మారు తెరలు. వీటి వెనుక నున్నవి సన్నని తీగలు, కప్పీలు, తూకపురాళ్ళు, మందుగుండు. అనగా ఎనిమిది, తొమ్మిది తరగతులలో మనము చెప్పెడి యంత్రశాస్త్రమే.

ఇక కన్ను సంగతి.

ఫిల్ము మీద ఉన్నవి కదలని ఛాయాచిత్రములు. మాటలు వచ్చిన సినిమాలో సెకనుకు 24 చిత్రముల చొప్పున అవి ప్రొజెక్టరులో నడచును. మూడు గంటల చిత్రమునకు లెక్క వేసినచో 2,59,200 బొమ్మలు. ఒక బొమ్మ పోయి ఇంకొకటి దాని స్థానమునకు వచ్చువరకు ఒక రేకు దీపమునకు అడ్డు తిరుగును. లేనిచో బొమ్మ జారుట తెరమీద గీతలవలె కనబడును. ఇట్లు సెకనుకు 24 మారులే చీకటి పడినచో కన్ను ఆ మినుకును పట్టును గనుక, నిలిచియున్న బొమ్మకుకూడ నడుమ ఒకసారి అడ్డు వచ్చునట్లు రెండు రెక్కల రేకును అమర్చిరి. అప్పుడు సెకనుకు 48 మెరుపులు. ఈ ఏర్పాటులో మరొక వింత యున్నది. రేకు అడ్డు పడిన కాలము రమారమి సగము. ఫిల్ము ప్రొజెక్టరుమీద మూడు గంటల సినిమా చూచినవాడు అందులో దాదాపు గంటన్నర చీకటినే చూచినాడన్నమాట! టిక్కెట్టు డబ్బులో సగము చీకటికే పోయినది, కాని ఎవ్వరును తిరిగి అడుగలేదు. (2010 తరువాతి సంవత్సరములలో మన థియేటర్లు డిజిటల్ ప్రొజెక్టర్లకు మారినవి, వాటిలో ఈ రేకు లేదు.)

ఆ చీకటి మనకెందుకు తెలియదు? "దృష్టి నిలకడ" వలన అని పాఠములలో చెప్పెదరు. బొమ్మ పోయిన తరువాతకూడ దాని ముద్ర కంటి వెనుక తెరమీద సెకనులో పదునారవ వంతు నిలుచునని, రెండవ బొమ్మ దానితో అతుకుకొనునని, అందుచేత కదలిక కనబడునని వివరింతురు. 1824లో పీటర్ మార్క్ రోజె అను ఆంగ్ల వైద్యుడు, నిలువు సందులగుండ చూచినప్పుడు బండిచక్రపు ఆకులు వంకరగా కనబడుటను గూర్చి ఒక వ్యాసము చదివెను. 1832లో బెల్జియము దేశీయుడు జోసెఫ్ ప్లాటో బొమ్మలు గీసిన బిళ్ళను త్రిప్పి, కదలెడి బొమ్మలను చూపెను. ఈ ఇద్దరి పేర్లతో పై వివరణ వ్యాపించినది. అది అసత్యము కాదు, కాని అసంపూర్ణము. ముద్రలు ఒకదానిపై ఒకటి పడుటయే జరిగినచో మనకు కనబడవలసినది కదలిక కాదు, అలుకుడు. ఎత్తిన చేయియు, దించిన చేయియు ఒకేసారి కనబడవలెను. చీకటి తెలియకుండుటకు కంటి మందకొడితనము కారణమని చెప్పవచ్చును. కదలిక కనబడుటకు మాత్రము మెదడు పని కావలెను. 1912లో జర్మనీలో మాక్స్ వెర్ట్‌హైమర్ ప్రకటించిన ప్రయోగములు ఈ సంగతిని తేల్చినవి. రెండు గీతలను ఒకదాని తరువాత ఒకటి తగిన వ్యవధితో వెలిగించినచో, చూచువానికి రెండు గీతలు కనబడవు; ఒకే గీత ఇక్కడినుండి అక్కడికి జరిగినట్లు కనబడును. ఆ నడుమ దారిలో ఏ వెలుగును లేదు. లేని దారిని కట్టినది చూచువాని మెదడు.

పాఠకులు ఈ మాటను కొంచెము గుర్తుంచుకొనవలెను. తెరమీద సగము ఉన్నది. తక్కిన సగము మనము వేసినది.

1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు తమ చిత్రములను డబ్బు తీసికొని ప్రజలకు ప్రదర్శించినప్పుడు అక్కడ ఉన్నవారిలో జార్జి మేలియే అను ఇంద్రజాలికుడు ఒకడు. అతనికి స్వంత నాటకశాల యుండెను. మరుసటి సంవత్సరమే కెమెరా సంపాదించి చిత్రములు తీయ మొదలిడెను. ఒకనాడు వీధిలో చిత్రము తీయుచుండగా యంత్రము క్షణకాలము పట్టివేసినదట. సరిచేసి మరల త్రిప్పెను. తరువాత తెరమీద చూచుకొనగా, వీధిలో పోవుచున్న ప్రయాణికుల బండి ఉన్నట్టుండి శవవాహనముగా మారినది! ఈ వృత్తాంతమును మేలియే స్వయముగా వ్రాసికొన్నాడు. కెమెరాను ఆపి, మనిషిని తీసివేసి, మరల నడుపుట అనెడి ఉపాయము ఇట్లు పుట్టినది. మన దేశమున 1913లో "రాజా హరిశ్చంద్ర" తీసిన దాదాసాహెబ్ ఫాల్కేయు ఇంద్రజాల ప్రదర్శనలు ఇచ్చినవాడే. తొలినాటి చిత్రకారులలో గారడీవారు ఉండుట యాదృచ్ఛికము కాదు. చూచువాని మనస్సు ఎక్కడ పని చేయునో వారికి ముందుగా తెలియును.

తెలుగున తొలి మాటల చిత్రము హెచ్.ఎం. రెడ్డిగారి "భక్త ప్రహ్లాద", 1932లో వచ్చినది. శశిరేఖ కథ 1936లోనే పి.వి. దాసుగారి దర్శకత్వమున "శశిరేఖా పరిణయము"గా తెరకెక్కినది. అందు శాంతకుమారిగారు శశిరేఖ. కాబట్టి 1957 మార్చి 27న విజయావారి మాయాబజారు విడుదలైనప్పుడు జనులకు కథ క్రొత్త కాదు, తెరమీద ఆ కథను చూచుటయు క్రొత్త కాదు. వ్యాస భారతములో ఈ కథ లేదు. జనుల నోళ్ళలోను, నాటకములలోను, బొమ్మలాటలలోను పెరిగినది. బలరాముడు కుమార్తెను అభిమన్యునకు ఇత్తునని మాట యిచ్చి, పాండవులు జూదమున సర్వము కోల్పోగానే మాట తప్పి, దుర్యోధనుని కుమారుడైన లక్ష్మణకుమారునకు ఈయ దలచుట. కృష్ణుడు ఘటోత్కచుని సాయమున ఆ పెండ్లిని తలక్రిందులు చేయుట. ధనము పోయినవెంటనే చుట్టరికము చల్లబడుట ఏ ఊరివారు ఎరుగరు? ఇది పురాణవేషములో నున్న మన ఇంటి కథ.

చిత్రమునకు దర్శకుడు కె.వి. రెడ్డి, కథను, మాటలను, పాటలను సమకూర్చినవాడు పింగళి నాగేంద్రరావు, సంగీతము ఘంటసాల, కొన్ని పాటలకు బాణీలు సాలూరి రాజేశ్వరరావువి, కళ గోఖలే, కళాధర్, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఈ చివరి పేరు సైన్సు విద్యార్థులు ప్రత్యేకముగా ఎరుగదగినది. బార్ట్లే ఆంగ్లో ఇండియన్. కె.వి. రెడ్డిగారి "పాతాళభైరవి" (1951)కిని, తరువాత మలయాళమున పేరొందిన "చెమ్మీన్" (1965)కును ఆయనే ఛాయాగ్రాహకుడు. కంప్యూటరు లేని ఆ కాలమున మాయ యంతయు కటకము, దీపము, రసాయనము, గడియారము ఈ నాలుగింటితోనే జరుగవలెను.

భోజనపు ఘట్టమువంటి దృశ్యములకు ఆనాటి స్టూడియోలలో వాడుకలో నున్న ఉపాయములు మూడు. మొదటిది మేలియే ఉపాయము: కెమెరా ఆపుట, వస్తువును మార్చుట. రెండవది సన్నని నల్లతీగ. మూడవది ఫిల్మును వెనుకకు నడపుట. క్రింద పడిన వస్తువు పైకి లేచును, విసరిన వస్తువు చేతికి తిరిగి వచ్చును. పిల్లలు నేడు చరవాణి కెమెరాతో ఈ మూడింటిని ఒక మధ్యాహ్నములో చేసి చూడగలరు. కష్టమంతయు నటునిది. ఎస్.వి. రంగారావుగారి భుజములు, కనుబొమలు ఆ వస్తువు నిజముగా ఉన్నట్లు ప్రవర్తించినవి గనుకనే తీగ మనకు కనబడదు.

ద్వారకను గోఖలే, కళాధర్‌లు చిన్న నమూనాగా కట్టించిరి. నమూనా నగరము తీయుటలో ఒక భౌతికశాస్త్రపు చిక్కు కలదు. కదలని మేడలైనచో దీపములు సరిగా అమర్చిన చాలును. కూలెడి గోడనో, పారెడి నీటినో చూపవలెనన్న కష్టము. 16 మీటర్ల గోడపైనుండి రాయి నేలకు చేరుటకు 1.8 సెకనులు పట్టును. దానిని పదునారవ వంతుకు తగ్గించి ఒక మీటరు గోడ కట్టినచో 0.45 సెకనులే. ఎత్తు పదునారు రెట్లు తగ్గగా కాలము నాలుగు రెట్లే తగ్గినది. కాబట్టి కెమెరాను నాలుగు రెట్లు వేగముగా నడిపి, మామూలు వేగముతో చూపవలెను. లేనిచో చూచువాడు ఎందుకో చెప్పలేకున్నను "ఇది బొమ్మ ఇల్లు" అని పట్టివేయును. గురుత్వ సూత్రము చదువని ముసలమ్మకుకూడ ఆ లెక్క కంటిలో నున్నది!

అన్నింటిలో నన్ను ఎక్కువ ఆకర్షించునది నౌకావిహారపు పాటలోని వెన్నెల. చూచినవారెవ్వరును ఆ వెన్నెలను మరువలేదు. నిండు చంద్రుని వెలుగు సూర్యుని వెలుగులో సుమారు నాలుగు లక్షల వంతు. ఎండలో ఒక బొమ్మకు సెకనులో యాభైయవ వంతు కాలము చాలిన చోట, అదే కటకపు ద్వారముతో వెన్నెలలో 8,000 సెకనులు, అనగా రెండు గంటల పైచిలుకు కావలెను. కటకమును పూర్తిగా తెరచి ఆ కాలమును నూరవ వంతుకు దించినను ఒక్క బొమ్మకు 80 సెకనులు. సెకనుకు 24 బొమ్మలు తీయవలసినవానికి అది ఏ మూలకు? కనుక ఆనాటి ఏ చిత్రములోని వెన్నెలయు వెన్నెల కాదు. ఎండనో, స్టూడియో దీపములనో అదుపులో నుంచి, ఆకాశమును నల్లబరచు వడపోత అద్దములను కటకము ముందు పెట్టి, నీటి తళుకును మాత్రము మిగిల్చి, ముఖములమీద మెత్తని వెలుగు పడనిచ్చి "ఇది వెన్నెల" అని మన మెదడునకు సైగ చేయుటయే ఆ విద్య. ఆ సైగను అందుకొని వెన్నెలను పూర్తిచేయువారము మనమే.

ఇప్పుడు మరల పిల్లవాని ప్రశ్నకు రావచ్చును. మాయ అని తెలిసినను ఇష్టము ఎందుకు పోదు?

నాకు తోచిన సమాధానము ఇది. మాయలవలన మనము మోసపోయి ఆనందించుట లేదు. మాయలో మనకు వంతు ఉండుటచేత ఆనందించుచున్నాము. మాయాబజారులో ఈ వంతు అడుగడుగున కలదు. ఈ చిత్రములో పంచపాండవులలో ఒక్కరును తెరపై కానరారు! మొదటిసారి విన్నవారు నమ్మరు, "ధర్మరాజు లేడా? భీముడు లేడా?" అని చిత్రమును మరల తలచుకొందురు. జూదమున ఓడినది వారు, అడవులకు పోయినది వారు, కథకు మూలము వారు. అయినను వారిని మనస్సులో నిలిపినది చూచువారే. బొమ్మకు బొమ్మకు నడుమ చీకటిని కన్ను పూరించినట్లే, లేని పాండవులను జ్ఞాపకము పూరించినది. కథ తెలియని జనులకు ఈ చిత్రము తీయ శక్యము కాదు.

ఇంకొక నిదర్శనము. మాయాబజారులో అతి పెద్ద మాయ ఏది? ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చుట అని నేనందును. రూపము మారుటకు కెమెరా కావలసినది క్షణకాలమే. ఆ తరువాత తెరమీద నున్నది సావిత్రిగారు ఒక్కరే. ఏ ట్రిక్కును లేదు. ఆడపిల్ల నగలలో, చీరలో రాక్షసుడు నడచుచున్నాడని ఆమె అడుగు చెప్పును, భుజము చెప్పును, ఉన్నట్టుండి గుర్తు తెచ్చుకొని తెచ్చిపెట్టుకొన్న సిగ్గు చెప్పును. చూచువాడు ఒకే మనిషిలో ఇద్దరిని చూచును. పెండ్లి పీటలమీద లక్ష్మణకుమారుని పాదము తొక్కినప్పుడు నవ్వు వచ్చుట, ఆ పాదము ఎవరిదో మనకు తెలియుటచేతనే. తెలియని లక్ష్మణకుమారునకు నొప్పి మాత్రమే మిగిలినది, పాపము. తెలియుట ఇక్కడ రుచిని చెరచుట లేదు. రుచి యంతయు తెలియుటలోనే యున్నది.

మాటల సంగతియు అంతే. పింగళివారు "తల్పము" ప్రక్కన "గిల్పము"ను, "కంబళి" ప్రక్కన "గింబళి"ని పుట్టించిరి. తెలుగువాడెవ్వడును వీటికి నిఘంటువు వెదకలేదు. పులి గిలి, పుస్తకము గిస్తకము అని మొదటి అక్షరమును "గి"గా మార్చి జంటపదము చేయుట మన నోళ్ళలో నున్న నియమమే గదా. మాటలను ఎవరో ఒకరు పుట్టింపక తప్పదని ఘటోత్కచుని చేత అనిపించినదియు ఈ చిత్రమే. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన నాటినుండి సైన్సు పారిభాషిక పదముల కొరకు తలలు పట్టుకొన్నవారికి ఆ మాట ఊరటగా నుండియుండును. మన పదములలో కొన్ని గింబళి అంత సుఖముగా నాలుకమీద కూర్చుండలేదని ఒప్పుకొనవలసియున్నది.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ విషయములో ఏమందురు? 1968లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయపు రాబర్ట్ జాయంక్, అర్థము లేని పదములను, తెలియని లిపిలోని అక్షరములవంటి గుర్తులను జనులకు మరల మరల చూపి, ఎక్కువ మారులు చూచినవానినే వారు ఎక్కువ మెచ్చుచున్నారని కనుగొనెను. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనువారు చిన్న కథలను కొందరకు ముగింపు ముందే చెప్పి, కొందరకు చెప్పక చదివించిరి. ముందే తెలిసినవారే కథను కొంచెము ఎక్కువ ఇష్టపడిరి. తరువాతి పరిశోధనలన్నియు దీనిని బలపరచలేదు గనుక దీనిని సూత్రముగా పట్టుకొనరాదు. చిందు భాగవతము చూచువారిని అడిగినచో ఈ ప్రయోగమునకు అంత ఖర్చు అక్కరలేకపోయెడిది.

అయితే పరిచయమే అంతయు కాదు. మరల మరల చూపబడియు మరుగున పడిన చిత్రములు ఎన్ని లేవు? అదే కాలమున ఇంతకంటె ఎక్కువ మాయలున్న జానపద చిత్రములు వచ్చినవి. కత్తులు, గుహలు, ఎగిరెడి తివాచీలు. వాటిలో పెక్కింటి పేర్లు నేడు ఎవరికిని గుర్తు లేవు. వాటిలో మాయ చూచువానికి చూపబడినది మాత్రమే; వానికి చేయుటకు పనియేదియు మిగులలేదు. మాయాబజారులో ప్రియదర్శిని అనెడి పేటిక యున్నది. తెరచినవారికి ఎవరిమీద మనస్సు నిలిచియున్నదో వారే అందులో కనబడుదురు. శశిరేఖకు అభిమన్యుడు కనబడును. శ్రీకృష్ణునకు శకుని కనబడును! నేటి పిల్లలు దానిని చూచి ల్యాప్‌టాపు అని నవ్వుదురు. పేటిక ఒకటే, చూచువారినిబట్టి బొమ్మ వేరు. శకుని ఏల కనబడెనో చిత్రము విప్పి చెప్పదు, మనకు వదలివేయును. ఇది నా అభిప్రాయము మాత్రమే; ఒప్పుకొననివారు తమకు ఇష్టమైన చిత్రమును తీసికొని, అందులో తెరమీద చూపక తమకు విడిచిపెట్టినదేమో వెదకి చూడవచ్చును.

ఇష్టమును కొలుచుట ఎట్లు అనెడి ప్రశ్న కూడ కలదు. 2013లో భారత సినిమాకు నూరేండ్లు నిండిన సందర్భమున సి.ఎన్.ఎన్-ఐ.బి.ఎన్. వార్తా సంస్థ జరిపిన ఓటింగులో భారతదేశపు ఉత్తమ చిత్రముగా మాయాబజారు మొదటి స్థానమున నిలిచినది. తెలుగువారందరును సంతోషించిరి, నేనును సంతోషించితిని. గణితోపాధ్యాయులు మాత్రము పిల్లలకు ఒక మాట చెప్పవలెను. తమంతట తాము వచ్చి ఓటు వేసినవారి లెక్క దేశమంతటి అభిరుచికి నమూనా కాదు. ఓటు వేయని వారిలో ఈ చిత్రమును చూడనివారెందరో, అసలు ఆ ఓటింగు సంగతియే తెలియనివారెందరో. 1957లో దీనిని టూరింగు టాకీసు డేరాలో నేలమీద కూర్చుండి చూచినవారి ఇష్టము ఆ లెక్కలో ఏ గడిలో పడును?

ఇక వెన్నెల సంగతి ఒకటి మిగిలినది. 2010 జనవరిలో మాయాబజారు నలుపు తెలుపులనుండి రంగులలోనికి మార్చబడి విడుదలైనది. హైదరాబాదులో కంప్యూటర్లమీద ఎంతో శ్రమపడి ఒక్కొక్క బొమ్మకు రంగు కూర్చిరి. పండుగవలె జనులు వెళ్ళి చూచిరి. ఆ పాఠశాలలో నేను నౌకావిహారపు పాటను రెండు విధములను, ముందు నలుపు తెలుపులలోను తరువాత రంగులలోను, చూపితిని. రంగులదే మేలని పిల్లలందురని అనుకొంటిని. చాలమంది అట్లే అనిరి. ముందు వరుసలోని ఒక బాలిక మాత్రము చేయి యెత్తి, "సార్, మొదటిదే అసలు వెన్నెల లెక్క ఉన్నది. వెన్నెల్ల రంగులుండయి గదా" అన్నది.

నేను ఆ సమాధానమును ఎదురుచూడలేదు. పట్టణములో వీధిదీపముల క్రింద పెరిగిన పిల్లలకు ఈ సంగతి తెలియు అవకాశము తక్కువ. కంటి వెనుక తెరలో రెండు జాతుల కణములున్నవి. శంకు కణములు రంగులను గుర్తించును, కాని వాటికి మంచి వెలుతురు కావలెను. దండ కణములు మసక వెలుగులోకూడ పనిచేయును, కాని వాటికి రంగు తెలియదు. వెన్నెలలో శంకు కణములు దాదాపు విశ్రమించును. లోకము చాలవరకు నలుపు తెలుపులలోనికి మారును. అంతేకాదు, దండ కణములకు ఎఱుపు దాదాపు కనబడదు, నీలి ఆకుపచ్చలు మెరుగుగా కనబడును. పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగమున పుర్కిన్యే అను చెక్ శాస్త్రజ్ఞుడు, పగలు కాంతివంతముగా నుండెడి ఎఱ్ఱని పువ్వులు తెల్లవారుజామున అన్నింటికంటె నల్లగా కనబడుట గమనించి ఈ సంగతిని వ్రాసెను. ఎండనో దీపమునో వెన్నెలగా మార్చిన బార్ట్లే నలుపు తెలుపు ఫిల్ము, రంగుల ఫిల్ముకంటె, వెన్నెలలో మన కన్ను చూచెడి దానికి దగ్గరగా నున్నదన్నమాట. కృత్రిమమని నేను గంటసేపు విప్పి చెప్పిన దానిలో నిజమైనదానిని ఆ బాలిక పట్టినది.

పున్నమికి ఇంకను మూడు దినములుండెను. ఆ రాత్రి విద్యార్థులు వీధిదీపము పడని చోట, ఇండ్ల వెనుక చేలగట్టుమీద, ఒకే అట్టమీద నాలుగు గుడ్డపీలికలు కుట్టుకొని కూడిరి: ఎఱుపు, ఆకుపచ్చ, నీలము, తెలుపు. దీపములన్నియు ఆర్పి, కన్ను చీకటికి అలవాటు పడుటకు ఇరువది నిమిషములు ఊరకుండిరి. అంతసేపు మాటాడకుండుటయే వారికి కష్టమైనదట. తరువాత ఒక్కొక్కరును చూచి, తమకు కనబడినట్లు కాగితముమీద వ్రాసికొనిరి. మరునాడు ఉపాధ్యాయ మిత్రుడు ఆ కాగితములను నాకు చూపెను. ఎఱ్ఱపీలిక చోట అందరును "నలుపు" అని వ్రాసిరి. నీలము చోట కొందరు "బూడిద రంగు", కొందరు "తెలుపు లెక్క" అని వ్రాసిరి. వెనుక వరుస బాలుని కాగితములో మాత్రము నాలుగు పీలికల క్రింద ఇంకొక వరుస యున్నది: "అమ్మ ఎఱ్ఱ చీర – నలుపు. మాయాబజార్ల శశిరేఖ చీర – ఏ రంగో మళ్ల చూడాలె."